వరుసలో వరుస: డోర్ నంబర్లు, ర్యాంకులు, మెడల్స్

ఈ నెల మెయిల్ తెరిస్తే దాదాపు అన్ని ఉత్తరాలూ ఒకే గొడవ మీద ఉన్నాయి, సార్టింగ్. ఒక కాలమ్ మీద సార్ట్ కొట్టడం అందరికీ వచ్చు, రెండు మూడు కాలమ్స్ కలిసేసరికి మాత్రం తిక్క లేస్తుంది. అందుకని ఫోన్ బ్యాటరీలూ వైఫైలూ వచ్చే నెలకి నెట్టేసి ఇవే పట్టుకున్నా, ఏమీ అనుకోకండి.

ప్రశ్న: అన్నా, నేను కేబుల్ టీవీ కలెక్షన్ చేస్తా, ఆరొందల పైచిలుకు కనెక్షన్లు ఉన్నాయి. ఎక్సెల్‌లో డోర్ నంబర్, పేరు, బాకీ రాసుకున్నా. ఇళ్ళ వరుసలో వస్తే తిరిగిన వీధే మళ్ళీ తిరగక్కర్లేదు కదా అని డోర్ నంబర్ మీద ఏ టు జెడ్ కొట్టా. 40-10-52 వచ్చి 40-2-61 కంటే ముందు కూర్చుంది. ఇంకా ఘోరం ఏంటంటే 5-4-12 అని కొడితే అది తేదీ అయిపోయింది. నేనేం తప్పు చేశా?
— ఓ పాఠకుడు, విజయవాడ

జవాబు: తప్పు నీది కాదు తమ్ముడూ, డోర్ నంబర్ ఒక నంబర్ అనుకోవడంలో ఉంది. అది ఒక నంబర్ కాదు, మూడు. వార్డు, బ్లాకు, ఇల్లు. మనం చూడగానే మూడు ముక్కలుగా చదువుకుంటాం, ఎక్సెల్‌కి అది అక్షరాల దండ అంతే. ఎడమనుంచి ఒక్కో అక్షరం పోల్చుకుంటూ వస్తుంది, 40 దాకా రెండూ ఒకటే, ఆ తర్వాత ఒకదాంట్లో 1 ఉంది ఇంకోదాంట్లో 2 ఉంది, 1 చిన్నది కాబట్టి అదే ముందు. ఆ 1 వెనక సున్నా ఉందనీ అది పది అనీ దానికి పట్టదు. పైగా ఎక్సెల్ సార్ట్ చేసేటప్పుడు మధ్యలో హైఫన్లని లెక్కలోకే తీసుకోదు, అంటే దాని దృష్టిలో 1-1-45 అన్నా 11-4-5 అన్నా 1145 లాంటిదే, రెండూ పక్కపక్కన వచ్చి కూర్చుంటాయి. ఊరికి ఆ చివర ఒకటి, ఈ చివర ఒకటి!

ముందు తేదీల సంగతి. 5-4-12 అని కొట్టగానే ఎక్సెల్ దాన్ని 2012 ఏప్రిల్ 5 అనుకుని లోపల 41004 అనే అంకె దాచుకుంటుంది. తర్వాత నువ్వు ఆ గడిని టెక్స్ట్‌గా మార్చినా నీ డోర్ నంబర్ రాదు, ఆ 41004 వస్తుంది. కాబట్టి తేదీలైపోయినవి మళ్ళీ కొట్టుకోవాల్సిందే, కాకపోతే ఈసారి కాలమ్ మొత్తాన్ని ముందే టెక్స్ట్ ఫార్మాట్‌లో పెట్టి అప్పుడు కొట్టు.

ఇప్పుడు అసలు పని. డోర్ నంబర్ కాలమ్‌ని కాపీ చేసి ఇంకోచోట పెట్టుకో, ఆ కాపీలో ఫైండ్ అండ్ రీప్లేస్‌తో స్లాష్‌లన్నిటినీ హైఫన్లుగా మార్చు (40-2-61/ఏ లాంటి ఇళ్ళు నీకు తప్పకుండా ఉంటాయి). తర్వాత డేటా మెనూలో టెక్స్ట్ టు కాలమ్స్, డీలిమిటెడ్, అదర్ అన్నచోట హైఫన్. చివర్లో డెస్టినేషన్ అని అడుగుతుంది చూడు, అక్కడ కుడివైపు నాలుగు ఖాళీ కాలమ్స్ ఉన్న చోటు ఇవ్వు, లేకపోతే పక్కనున్న పేర్లమీదా బాకీలమీదా రాసేస్తుంది. అంతా అయ్యాక వార్డు, బ్లాకు, ఇల్లు, అక్షరం అని నాలుగు కాలమ్స్ వస్తాయి. సార్ట్ బాక్స్ తెరిచి యాడ్ లెవెల్ కొడుతూ అదే వరుసలో నాలుగూ పెట్టెయ్.

ఇక్కడ ఇంకో మెలిక ఉంది. ఎక్సెల్ ఖాళీ గడులని ఎప్పుడూ చివరికి తోస్తుంది, ఎక్కే వరుసైనా దిగే వరుసైనా సరే. అంటే 40-2-61 కి నాలుగో గడి ఖాళీ కాబట్టి అది 61/ఏ, 61/బి అన్నీ అయ్యాక వస్తుంది. ఖాళీల్లో సున్నా నింపు, ఎక్సెల్ అంకెలని అక్షరాలకంటే ముందు పెడుతుంది కాబట్టి సరిపోతుంది.

నాలుగు కాలమ్స్ గొడవెందుకు, ఒక్కదాన్లోనే అవ్వదా అంటావేమో. అవుతుంది, అన్ని ముక్కలూ ఒకే పొడుగుంటే. 040-002-061 అని సున్నాలతో నింపి రాస్తే మామూలు సార్ట్‌కే వరుస కుదురుతుంది. 1972 ఆగస్టు 15న వచ్చిన మన పిన్‌కోడ్ చేసేది ఇదే, ఎప్పుడూ 6 అంకెలే, పెద్ద ప్రాంతం ఎడమవైపు, చిన్న ప్రాంతం కుడివైపు. తెలంగాణవి 50తో మొదలవుతాయి, ఆంధ్రవి 51, 52, 53తో. ఉత్తరాలని పిన్ ప్రకారం ఉత్తినే పేర్చినా రాష్ట్రం, జిల్లా, పోస్టాఫీసు వాటంతటవే వరుసలోకి వస్తాయి. కానీ నీ కలెక్షన్ బుక్‌లో 040-002-061 అని రాస్తే ఇంటివాళ్ళు ఇది మా నంబర్ కాదు అంటారు, కాబట్టి నాలుగు కాలమ్స్ పద్ధతే మేలు. అన్నట్టు మన ఊళ్ళలో పక్కపక్క ఇళ్ళ నంబర్లు అన్నిసార్లూ పక్కపక్కన ఉండవు, ఆ చిక్కుని మాత్రం ఏ సార్టూ తీర్చలేదు.

ప్రశ్న: సార్, నేను స్కూల్లో టీచర్‌ని. పిల్లల లిస్ట్ ముందు సెక్షన్ ప్రకారం సార్ట్ చేశాను, ఏ సెక్షన్ బి సెక్షన్ చక్కగా వచ్చాయి. తర్వాత మార్కుల ప్రకారం సార్ట్ చేస్తే సెక్షన్లన్నీ కలిసిపోయాయి. ఒకటి చేస్తే ఇంకోటి పోతోంది.
— ఓ పాఠకురాలు, ఖమ్మం

జవాబు: మీరు చేసిన రెండు పనులూ సరైనవేనమ్మా, తిరగేసి చేశారు అంతే. ముందు మార్కులు, తర్వాత సెక్షన్ సార్ట్ చేసి చూడండి.

ఎందుకో చూడాలంటే ఇంట్లో పేకముక్కలు తీయండి (పిల్లల ముందు వద్దులెండి). బాగా కలిపి, ముందు అంకెల ప్రకారం పేర్చండి, ఆసులన్నీ, రెళ్ళన్నీ, అలా రాజుల దాకా. ఇప్పుడు ఆ కట్టని పైనుంచి ఒక్కొక్కటే తీస్తూ ఇస్పేటు, ఆఠీను, డైమను, కళావరు అని నాలుగు కుప్పలుగా వేయండి. ప్రతి కుప్పలోనూ ముక్కలు అంకెల వరుసలోనే పడతాయి, ఎందుకంటే మీరు రెండోసారి వేసేటప్పుడు మొదటి వరుసని చెడగొట్టలేదు. ఇలా సమానంగా ఉన్నవాటి పాత వరుసని కదపకుండా ఉంచే సార్ట్‌ని స్టేబుల్ సార్ట్ అంటారు. ఎక్సెల్ సార్ట్ ఇలాగే పనిచేస్తుంది, పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో 2002లో టిమ్ పీటర్స్ రాసిన టిమ్‌సార్ట్ కూడా ఇదే బాపతు. ముఖ్యమైన కాలమ్ ఆఖర్న సార్ట్ చెయ్యాలి, అదే కిటుకు.

ఇది కంప్యూటర్లకంటే పాతది. చిల్లులు పొడిచి సమాచారం దాచుకునే పంచ్ కార్డుల రోజుల్లో ఐబీఎం 083 అనే సార్టర్ ఉండేది, నిమిషానికి 1000 కార్డులు లాగేసేది, కానీ దానికి ఒకసారికి కార్డుమీద ఒక్క నిలువు వరుసే కనపడేది. మూడంకెల నంబర్ ప్రకారం కార్డులు పేర్చాలంటే మూడుసార్లు వేయాలి, అదీ ఒకట్ల స్థానం నుంచి మొదలుపెట్టి, తర్వాత పదులు, చివర్న వందలు. మధ్యలో కట్ట చేతిలోంచి జారిందా, మొత్తం పని మళ్ళీ మొదటికొచ్చేది.

ఇప్పుడు మీకా బాధ లేదు. డేటాలో సార్ట్ బాక్స్ తెరిచి మొదటి లెవెల్ సెక్షన్, రెండో లెవెల్ మార్కులు (లార్జెస్ట్ టు స్మాలెస్ట్) అని ఇస్తే తిరగేసే పని అదే చేసుకుంటుంది. ఎక్సెల్ 2003లో మూడు లెవెల్సే ఉండేవి, 2007 నుంచి 64 దాకా ఇవ్వొచ్చు. 64 లెవెల్స్ ఎవరికి కావాలో నాకైతే ఇప్పటిదాకా తగల్లేదు. మై డేటా హాజ్ హెడర్స్ అన్న టిక్ మాత్రం మర్చిపోకండి, లేకపోతే "పేరు, సెక్షన్, మార్కులు" అన్న పై లైన్ కూడా ఒక పిల్లాడిలా లిస్ట్ మధ్యలోకి పోతుంది.

ప్రశ్న: అన్నా మా కోచింగ్ సెంటర్‌లో ర్యాంక్ లిస్ట్ నేనే తీస్తా, పోస్ట్‌గ్రెస్ డేటాబేస్. రూల్ ఏంటంటే టోటల్ ఎక్కువున్నవాళ్ళు ముందు, టై అయితే మాథ్స్ ఎక్కువున్నవాళ్ళు, అదీ టై అయితే వయసులో పెద్దవాళ్ళు. ఆర్డర్ బై (ఏ వరుసలో కావాలో డేటాబేస్‌కి చెప్పే మాట) తర్వాత టోటల్, మాథ్స్, పుట్టినతేదీ అని రాసి చివర డెస్క్ పెట్టా. అంతా తలకిందులుగా వచ్చింది. దాన్ని సరిచేస్తే ఇప్పుడు పరీక్షకే రాని నలుగురు ఫస్ట్ ర్యాంక్‌లో ఉన్నారు. మా సార్ నన్ను చూసి నవ్వుతున్నారు.
— ఓ పాఠకుడు, నంద్యాల

జవాబు: మీ సార్ కూడా ఈ గుంటలో ఎప్పుడో పడే ఉంటారు, అందుకే నవ్వుతున్నారు.

డెస్క్ అన్నమాట (టీచర్ పోస్టుల డీఎస్సీ కాదు, డెసెండింగ్, అంటే దిగే వరుస) తన ముందున్న ఒక్క కాలమ్‌కే తగుల్తుంది. నువ్వు చివర ఒక్కటి పెడితే అది పుట్టినతేదీకి మాత్రమే పడింది, టోటలూ మాథ్సూ తక్కువ నుంచి ఎక్కువకి వచ్చాయి. ప్రతి కాలమ్‌కీ విడిగా చెప్పాలి: టోటల్ డెస్క్, మాథ్స్ డెస్క్, పుట్టినతేదీ ఉత్తిది. అవును, పుట్టినతేదీకి డెస్క్ వద్దు. పెద్దవాళ్ళు ముందు అంటే వయసు ఎక్కువ నుంచి తక్కువకి, కానీ తేదీ అయితే పాతది నుంచి కొత్తదానికి, అంటే ఎక్కే వరుస. ఇక్కడ మాత్రం నోటితో ఒకటికి రెండుసార్లు అనుకుని రాయి, నేనిప్పటికీ అలాగే చేస్తా.

ఆ తేదీ నిజంగా తేదీ టైపులో ఉందో లేదో కూడా చూసుకో. 02-01-2005 అని టెక్స్ట్‌గా పెట్టుంటే దానికంటే 01-12-2008 ముందొస్తుంది, ఎందుకంటే 01 అనేది 02 కంటే చిన్నది కదా, సంవత్సరం దాకా పోనే పోదు. టెక్స్ట్‌గానే ఉంచక తప్పకపోతే సంవత్సరం, నెల, రోజు అన్న వరుసలో రాయాలి. మార్కులూ అంతే, టెక్స్ట్‌లో ఉంటే 95 ముందు 100 ఓడిపోతుంది.

ఇక పరీక్షకి రాని ఫస్ట్ ర్యాంకర్లు. వాళ్ళ టోటల్ సున్నా కాదు, నల్, అంటే ఏమీ లేదు. ఏమీ లేనిదాన్ని ఎక్కడ పెట్టాలి అన్నదాని మీద డేటాబేస్‌లకి ఏకాభిప్రాయం లేదు. పోస్ట్‌గ్రెస్, ఒరాకిల్ నల్‌ని అన్నిటికంటే పెద్దది అనుకుంటాయి, అందుకే డెస్క్ పెట్టగానే అది నెత్తిమీదకి వస్తుంది. మైఎస్‌క్యూఎల్, ఎస్‌క్యూఎల్ సర్వర్, ఎస్‌క్యూఎల్‌లైట్ అన్నిటికంటే చిన్నది అనుకుంటాయి. నీది పోస్ట్‌గ్రెస్ కాబట్టి టోటల్ డెస్క్ పక్కనే నల్స్ లాస్ట్ అని రాయి, పని అయిపోతుంది. నల్ బదులు సున్నా నింపేద్దాం అనుకుంటావేమో, వద్దు, రాసి సున్నా తెచ్చుకున్నవాడూ అసలు రానివాడూ ఒకటి కాదు, వాళ్ళ అమ్మానాన్నలకి ఫోన్ చేసినప్పుడు తేడా తెలుస్తుంది.

మాథ్స్ ముందెందుకు, ఫిజిక్స్ ఎందుకు కాదు అని పిల్లలు అడిగితే కంప్యూటర్ మీదకి తోసెయ్యొద్దు, ఆ వరుస మనుషులు పెట్టిన రూలు. జేఈఈ మెయిన్‌లో టై అయితే ముందు మాథ్స్, తర్వాత ఫిజిక్స్, తర్వాత కెమిస్ట్రీ చూస్తారు. నీట్‌లో ముందు బయాలజీ, తర్వాత కెమిస్ట్రీ, ఫిజిక్స్ మూడోది. ఫిజిక్సూ కెమిస్ట్రీ రెండు పరీక్షల్లోనూ ఉన్నాయి, వాటి వంతు మాత్రం మారిపోయింది చూడు.

అన్ని కాలమ్స్ చూసినా ఇద్దరు సమానమైతే, కవలలు లాగా? అప్పుడు ర్యాంక్ ఎలా ఇవ్వాలో కూడా నువ్వే చెప్పాలి. ర్యాంక్ అన్న ఫంక్షన్ 1, 1, 3 అంటుంది, డెన్స్ ర్యాంక్ 1, 1, 2 అంటుంది, రో నంబర్ అయితే తనకి తోచినవాడికి 1 ఇచ్చి ఇంకోడికి 2 ఇస్తుంది. రో నంబర్‌తో ఫ్లెక్సీ వేయించావో, రెండోవాడి నాన్న పొద్దున్నే సెంటర్ దగ్గరుంటాడు.

ప్రశ్న: కంప్యూటర్ ప్రశ్న కాదేమో సార్, అయినా అడుగుతున్నా. పారిస్ ఒలింపిక్స్‌లో మనకి 6 మెడల్స్ వచ్చాయి, పాకిస్తాన్‌కి ఒక్కటే. పట్టికలో వాళ్ళు 62, మనం 71. ఇదేం న్యాయం?
— ఓ పాఠకుడు, వరంగల్

జవాబు: ఇది పక్కా కంప్యూటర్ ప్రశ్నే, ఆరోజు రాత్రి మా వాట్సాప్ గ్రూపులో కూడా ఇదే గొడవ.

ఆ పట్టిక గోల్డ్ డెస్క్, సిల్వర్ డెస్క్, బ్రాంజ్ డెస్క్ అన్న మూడు కాలమ్స్ సార్ట్. మొదటి కాలమ్‌లో తేడా వస్తే రెండోదాన్ని చూడనే చూడదు. 2024లో మనకి గోల్డ్ సున్నా, సిల్వర్ 1, బ్రాంజ్ 5. వాళ్ళకి జావెలిన్‌లో అర్షద్ నదీమ్ గోల్డ్ ఒక్కటి. ఒకటికీ సున్నాకీ తేడా అక్కడే తేలిపోయింది, నీరజ్ చోప్రా సిల్వర్ దాకా పట్టిక రానే లేదు. మనకి వంద సిల్వర్లు వచ్చినా ఇదే ఫలితం. రెండో కాలమ్‌కి పని పడేది మొదటిది సమానమైనప్పుడే, అదీ అదే ఒలింపిక్స్‌లో జరిగింది. అమెరికాకి 40 గోల్డ్, చైనాకి 40 గోల్డ్, అప్పుడు సిల్వర్ చూశారు, 44 కి 27, అమెరికా పైన.

మీరడిగే న్యాయం సార్టింగ్‌ది కాదు, తూకానిది. గోల్డ్‌కి 3, సిల్వర్‌కి 2, బ్రాంజ్‌కి 1 అని పాయింట్లు వేస్తే మనకి 7, వాళ్ళకి 3. మొత్తం మెడల్స్ లెక్కేస్తే 6 కి 1. ఇవి రెండూ కాలమ్స్‌ని కలిపి ఒక్క కొత్త అంకె చేసి దాన్ని సార్ట్ చేసే పద్ధతులు. కాలమ్స్‌ని ఒకదాని తర్వాత ఒకటి చూడటం వేరు, కలిపి తూచడం వేరు. ఆఫీసుల్లో కూడా "అనుభవం, మార్కులు రెండూ చూసి లిస్ట్ తియ్యి" అంటారు, రెండిట్లో ఏదో అడక్కుండా మొదలుపెడితే సాయంత్రానికి లిస్ట్ వెనక్కి వస్తుంది. నా మటుకు నాకు గోల్డ్ ముందు అన్న పద్ధతే నచ్చుతుంది, మన మెడల్స్ లెక్కకి నప్పకపోయినా సరే.

ప్రశ్న: మా వెబ్‌సైట్‌లో అప్లికేషన్లు పేజీకి 20 చొప్పున వస్తాయి, తేదీ ప్రకారం సార్ట్. ఒకే మనిషి మొదటి పేజీలోనూ రెండో పేజీలోనూ కనపడుతున్నాడు, ఇంకొకళ్ళు ఎక్కడా లేరు. డేటాలో డూప్లికేట్లు లేవు, వెతికా.
— ఓ పాఠకురాలు, బెంగళూరు

జవాబు: ఒకే తేదీన యాభై అప్లికేషన్లు వచ్చుంటాయి కదమ్మా. తేదీ సమానమైన ఆ యాభైలో ఎవరు ముందో మీరు చెప్పలేదు, కాబట్టి డేటాబేస్ మొదటి పేజీకి ఒక వరుస, రెండో పేజీకి ఇంకో వరుస ఇచ్చినా అది దాని తప్పు కాదు. పై టీచర్‌గారికి చెప్పిన స్టేబుల్ సంగతి ఇక్కడ నమ్ముకోవద్దు, ఆర్డర్ బైలో మీరు రాసినంత వరకే దానికి బాధ్యత. టెస్టింగ్‌లో పది రికార్డులతో అంతా బావుంటుంది, జనం మీద పడ్డాకే ఇది బయటపడుతుంది. ఆర్డర్ బై చివర్లో ఐడీ చేర్చండి. ఏ ఇద్దరికీ ఒకటి కానిదేదైనా పర్లేదు.

లిస్ట్ పెద్దదై నెమ్మదిస్తే తేదీ, ఐడీ కలిపి అదే వరుసలో ఒకే ఇండెక్స్ (తొందరగా వెతకడానికి డేటాబేస్ ముందే పేర్చిపెట్టుకునే పట్టిక) వేయండి. విడివిడిగా రెండు ఇండెక్సులు వేస్తే ఈ పనికి రావు. తేదీ డెస్క్, ఐడీ ఉత్తిది అని దిశలు వేరైతే మైఎస్‌క్యూఎల్‌లో 8.0 కంటే పాత వెర్షన్లు ఇండెక్స్‌లో రాసిన డెస్క్‌ని చదివి ఊరుకునేవి, పాటించేవి కావు. అదొకటి చూసుకోండి.

ప్రశ్న: సంఘం సభ్యుల పేర్లు తెలుగులోనే టైప్ చేశా. ఇంటిపేరు, తర్వాత పేరు ప్రకారం సార్ట్ చేస్తే కమల, కళావతి, కవిత అని వచ్చింది. వర్ణమాలలో వ ముందు కదా, ళ తర్వాత కదా?
— ఓ పాఠకుడు, రాజమండ్రి

జవాబు: మీరు చదువుకున్నది కరెక్టే. య ర ల వ శ ష స హ ళ అనే కదా బళ్ళో చెప్పారు. కంప్యూటర్‌లో ఒక్కో అక్షరానికి ఒక్కో కోడ్ అంకె ఇచ్చే యూనికోడ్ పట్టికలో మాత్రం ళ ని తీసుకెళ్ళి ల పక్కన పెట్టారు, వ దాని తర్వాత వస్తుంది. అక్షరాల కోడ్ ప్రకారమే సార్ట్ చేసే సాఫ్ట్‌వేర్ అయితే మీకొచ్చిన వరుసే వస్తుంది. యాభై మంది సభ్యులే అయితే ఆ రెండు మూడు పేర్లని చేత్తో జరిపెయ్యండి, దానికోసం కోడ్ రాయించుకోవద్దు.

మీ లిస్ట్‌లో అంతకంటే పెద్ద చిక్కు ఇంటిపేర్లది. ఒకాయన పూర్తిగా రాశాడు, ఒకాయన కె. అని చుక్కతో, ఒకాయన చుక్క లేకుండా కె అని, ఇంకొకాయన పేరుకి ముందు ఒక స్పేస్ పడి అందరికంటే పైకి ఎక్కి కూర్చున్నాడు. ముందు ఇంటిపేరుకి ఒక కాలమ్, పేరుకి ఒక కాలమ్ విడగొట్టి, ట్రిమ్ ఫంక్షన్‌తో స్పేస్‌లు తీసేసి, కె. అన్నవాళ్ళకి ఫోన్ చేసి కొత్తపల్లో కాకర్లో కనుక్కుని అప్పుడు సార్ట్ కొట్టండి.